నాకు తెలిసినవాడొకడున్నాడు

మా పెద్దమ్మ 31 ఏళ్లు టీచరుగా పనిచేసి రిటైరైంది. మొన్నామధ్య మా ఇంటికి వస్తే, సరదాగా నవ్వుకుంటుందని ‘అబ్బాట్ ఎలిమెంటరీ’ అనే అమెరికన్ కామెడీ సీరియల్ మొదటి ఎపిసోడ్ పెట్టాను. ఆ ఇంగ్లీషు ఆవిడకి సగమే అందుతుంది. అందుకని పక్కన కూర్చుని ఎవరేమంటున్నారో తెలుగులో చెబుతున్నాను. కాసేపటికే తెరమీద ఒక టీచరు పిల్లాణ్ణి కాలితో తన్ని ఉద్యోగం పోగొట్టుకుంది. పెద్దమ్మ రిమోట్ కోసం చెయ్యి చాపింది.

"ఏమే, టీచర్లంటే మరీ ఇంత అలుసా మీకు?"

ఆ ‘మీకు’లో సీరియల్ తీసినవాళ్లూ ఉన్నారు, నేనూ ఉన్నాను. నాలుగేళ్లు పాఠాలు చెప్పి మానేశాను కాబట్టి ఆవిడ లెక్కలో నేను పార్టీ ఫిరాయించినదాన్ని.

పెద్దమ్మ కోపం ఊరికే వచ్చింది కాదు. మన దగ్గర "బతకలేక బడిపంతులు" అనే మాట ఉండనే ఉంది. ఇంగ్లీషువాళ్లకి బెర్నార్డ్ షా ఉన్నాడు. 1903లో అచ్చయిన నాటకానికి జతచేసిన సూక్తుల్లో, చేతనైనవాడు చేస్తాడు, చేతకానివాడు పాఠం చెబుతాడు అని ఒకటి రాసి పడేశాడు. ఆ ముక్కలో సగాన్ని పేరుగా పెట్టుకుని 2016లో అమెరికాలో ఒక కామెడీ సీరియల్ కూడా వచ్చింది. అంతకుముందు 1997లో బీబీసీలో ‘చాక్’ వచ్చింది. రాసిన స్టీవెన్ మోఫట్ ఒకప్పుడు ఇంగ్లీషు టీచరే. అందులో ఉప ప్రధానోపాధ్యాయుడు ఎప్పుడు చూసినా పూనకం వచ్చినవాడిలా ఉంటాడు. 2012లో బీబీసీయే ‘బ్యాడ్ ఎడ్యుకేషన్’ తెచ్చింది, అందులో పంతులు పిల్లలకంటే పెద్ద పిల్లాడు. ఈ జాతి కామెడీల్లో నేను చూసినవాటిలో చాలావరకు జోకు ఒక్కటే: టీచరు ఎందుకూ పనికిరాడు. బడి ఉత్త సెట్టింగు. అదే మనుషుల్ని ఏ బ్యాంకులోనో కూర్చోబెట్టినా కథ ఇంచుమించు అలాగే నడుస్తుంది.

అబ్బాట్ అలా నడవదు. ఇక్కడా టీచర్లకి తిక్క ఉంది, కావలసినంత ఉంది. కానీ ఒక్కొక్కరి తిక్క వెనకా ఆ బడిలో ఒక చిల్లు కనిపిస్తుంది. ఆ చిల్లు ఏ ఆకారంలో ఉందో వాళ్ల తిక్కా ఆ ఆకారంలోనే పెరిగింది. పెద్దమ్మతో నేను వాదించింది ఇదే. ఆ రాత్రి మూడు ఎపిసోడ్లు చూసేదాకా వాదిస్తూనే ఉన్నాను.

సీరియల్ చూడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఫిలడెల్ఫియాలో నల్లజాతి పిల్లలు ఎక్కువగా చదివే ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. బడి కల్పితం, నగరం నిజం. డబ్బు లేక, పట్టించుకునేవాళ్లు లేక ఈడుస్తున్న ఇలాంటి బళ్లమీద డాక్యుమెంటరీ తీయడానికి ఒక కెమెరా బృందం వస్తుంది. మనం చూసేదంతా వాళ్లు తీసిందే అన్నట్టు ఉంటుంది. 2021 డిసెంబరులో ఏబీసీ చానల్లో మొదలైంది. దీన్ని సృష్టించింది క్వింటా బ్రన్సన్. జనీన్ అనే రెండో తరగతి టీచరుగా నటించేదీ ఆవిడే. వెస్ట్ ఫిలడెల్ఫియాలో పెరిగిన మనిషి. వాళ్లమ్మ అదే నగరంలో దాదాపు 40 ఏళ్లు కిండర్‌గార్టెన్ పిల్లలకి చెప్పింది. తల్లిదండ్రులు టీచర్లని కలిసే ఒక సాయంత్రం బ్రన్సన్ వాళ్లమ్మ బడికి వెళ్లిందట. రావలసినవాళ్లు రాకపోయినా అమ్మ రాత్రి ఎనిమిదిదాకా అక్కడే కూర్చుంది. ఆఖరి నిమిషంలో ఒక తల్లి వచ్చింది. సీరియల్‌కి విత్తనం అక్కడ పడింది. బడికి పెట్టిన ‘అబ్బాట్’ అనే పేరేమో బ్రన్సన్‌కి ఆరో తరగతి చెప్పిన టీచరు ఇంటిపేరు.

ఈ సంగతి చెప్పాక పెద్దమ్మ రిమోట్ కింద పెట్టింది. "టీచరు కూతురు తీసిందా? అలా చెప్పు మరి."

మొదటి ఎపిసోడ్ కథంతా ఒక కార్పెట్ చుట్టూ తిరుగుతుంది. జనీన్ తరగతిలో పిల్లలు కూర్చునే కార్పెట్ చిరిగి, తడిసి, ఇక పనికిరాకుండా పోయింది. కొత్తది కావాలి. ప్రిన్సిపాల్ ఏవాని అడుగుతుంది. ఏవా పైవాళ్లకి రాస్తుంది, 3,000 డాలర్లు వస్తాయి. ఆ డబ్బుతో ఏవా బడి ముందు కొత్త బోర్డు పెట్టిస్తుంది, దానిమీద తన బొమ్మ వేయించుకుని. ఇక మిగిలిన దారి మెలిస్సా. దక్షిణ ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఇటాలియన్ అమెరికన్ టీచరు. ఏది కావాలన్నా ఆవిడ నోట ఒకటే మాట: నాకు తెలిసినవాడొకడున్నాడు. ఫోన్ చేస్తుంది, కార్పెట్లు దిగుతాయి. ఎక్కణ్ణుంచి దిగాయో ఎక్కువ ఆరా తీయకూడదు.

అందరూ ఇక్కడ నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ మొత్తం సీరియల్లో ఇంతకంటే పదునైన రాజకీయ వాక్యం ఇంకోటి లేదని నా అభిప్రాయం. హక్కుగా రావలసిన వస్తువు పరిచయం మీద వచ్చిందంటే ఆ ఆఫీసు గురించి చెప్పాల్సిందంతా చెప్పినట్టే. మెలిస్సాకి మాఫియా పోకడ ఉన్నట్టు రచయితలు ఆటపట్టిస్తుంటారు. పోకడ సంగతెలా ఉన్నా, ఆవిడ చేస్తున్నది స్టోరు గుమస్తా చేయాల్సిన పని. గుమస్తా లేడు, స్టోరులో సరుకు లేదు, కాబట్టి ఒక రెండో తరగతి టీచరు దొంగదారులన్నీ కంఠతా పట్టింది. ఇదేనా ఆవిడ తిక్క?

జనీన్ తిక్క ఇంకో రకం. కంటికి కనిపించిన ప్రతిదాన్నీ తనే బాగుచేయాలి. రెండో ఎపిసోడ్లో వరండాలో ఒక లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. అడిగితే ఎవరూ రారు. సీనియర్లు వదిలెయ్యమంటారు. వదలదు. తనే పూనుకుని బడి మొత్తానికి కరెంటు పోగొడుతుంది. మంచి జోకే. అయితే దీనికి నవ్వని టీచర్లు నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను అచ్చం జనీన్‌నే. చార్టులు నేనే కొన్నాను, బీరువా తాళం నేనే బాగుచేయించాను, సెలవు రోజున వెళ్లి గోడకి రంగు వేశాను. "నువ్వు లేకపోతే ఈ బడి ఏమైపోయేదమ్మా" అని ప్రిన్సిపాల్ గారు అన్న రోజు ఆనందంతో నిద్ర పట్టలేదు. అది పొగడ్త కాదనీ, ఆ మాటతో వాళ్ల పని నా నెత్తికి వచ్చిందనీ తెలుసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

నాకు ఈ సీరియల్లో అన్నిటికంటే లోతుగా దిగిన పాత్ర బార్బరా హవర్డ్. కిండర్‌గార్టెన్ టీచరు, నిలువెత్తు గౌరవం, చర్చికి వెళ్లే మనిషి. ఆవిడ తలుపు దగ్గర నిలబడితే వరండాలో పిల్లలు నడక మార్చుకుంటారు. వేసింది షెరిల్ లీ రాల్ఫ్. 2022లో ఈ పాత్రకి టీవీ అవార్డు ఎమ్మీ వస్తే వేదిక మీద ముందు పాట పాడి, తర్వాత మాట్లాడింది. ఇంత పెద్దమనిషి మొదటి సీజన్ నాలుగో ఎపిసోడ్లో ఏం చేస్తుందంటే, కొత్తగా వచ్చిన చదువు సాఫ్ట్‌వేర్ కొరుకుడుపడక, పిల్లల చదివే స్థాయిని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. ఆ అంకెలు చూసి పైవాళ్లు మురిసిపోతారు. అక్కణ్ణుంచి ఆవిడ అవస్థ చూడాలి.

పెద్దమ్మ తర్వాత ఈ ఎపిసోడ్ కూడా పెట్టించుకుని, మొత్తం నోరెత్తకుండా చూసింది. నేనూ అంతే. నా కారణం నాకుంది. మానేయడానికి ముందు ఏడు, ఒకే నెలలో ఇద్దరు టీచర్లు వెళ్లిపోతే వాళ్ల తరగతులూ నాకే వచ్చాయి. సిలబస్ రిజిస్టరు మాత్రం నెలాఖరుకి నిండి ఉండాలి. చెప్పని ఐదు పాఠాలు చెప్పినట్టు రాసి సంతకం పెట్టాను. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదేమో. పై అధికారి రిజిస్టరు తిరగేసి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్లాడు. నాలో ఏదో చెడిపోతోందని మొదటిసారి అనిపించింది ఆ రోజే. పిల్లాణ్ణి తన్నిన ఆ టీచరుని చూసి పెద్దమ్మ రిమోట్ అందుకుంది కానీ, నాకు మాత్రం ఆ మనిషి అక్కడిదాకా రావడానికి ఎన్నాళ్లు పట్టిందో అనిపించింది. తన్నడం తప్పే. ఉద్యోగం పోవాల్సిందే, పోయింది. కానీ ఆ మనిషి టీచరుగా చేరిన మొదటి రోజున కూడా అలాగే ఉందా?

తెల్లజాతి టీచరు జేకబ్ గురించి, ప్రిన్సిపాల్ కావాలని వచ్చి సబ్‌స్టిట్యూట్ టీచరుగా చేరిన గ్రెగరీ గురించి ఎక్కువ చెప్పను. గ్రెగరీ, జనీన్‌ల ప్రేమకథ చాలామందికి ఇష్టం. నాకు మాత్రం అది నడుస్తున్నంతసేపూ టీ పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఏవా గురించి చెప్పాలి. ఆవిడకి ఆ కుర్చీ ఎలా వచ్చిందంటే, నగరంలోని ప్రభుత్వ బళ్లని నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కి పెద్ద అయిన సూపరింటెండెంట్ అక్రమ సంబంధం ఆవిడ కంటపడింది, ఆ గుట్టు అడ్డం పెట్టుకుని ఉద్యోగం రాయించుకుంది. బడి గురించి ఓనమాలు తెలియవు. ఆఫీసులో కూర్చుని సోషల్ మీడియా నడుపుకుంటుంది. జనెల్ జేమ్స్ ఈ పాత్రని ఎంత బాగా చేసిందంటే, ఆవిడ గదిలోకి వస్తే చాలు, ఏమీ అనకముందే నవ్వొస్తుంది. కానీ చూస్తూ ఉండగా నాకొకటి తోచింది. ఆ బడిలో తన ఉద్యోగం గురించి భ్రమలు లేనిది ఏవా ఒక్కతే. పై ఆఫీసు ఎలా పనిచేస్తుందో ఆవిడకి తెలుసు, ఎందుకంటే ఆ పద్ధతిలోనే లోపలికి వచ్చింది. మిగతావాళ్లు అర్జీలు పెడుతుంటే ఆవిడ బేరాలు పెడుతుంది. నాలుగో సీజన్లో బడి పక్కన గోల్ఫ్ మైదానం కడుతున్నవాళ్ల నుంచి టీచర్లు బడికి కావలసినవి లంచంగా రాబడతారు. బయటపడ్డాక నింద తనమీద వేసుకుని ఏవా ఉద్యోగం పోగొట్టుకుంటుంది. తర్వాత మళ్లీ వస్తుందనుకోండి. మొదటి ఎపిసోడ్లో పిల్లల డబ్బుతో తన బొమ్మ వేయించుకున్న మనిషి ఇక్కడిదాకా రావడం నమ్మేలా రాయడం సామాన్యమైన పని కాదు. రెండుచోట్లా ఆవిడ చేసింది అడ్డదారి పనే. డబ్బు ఎటు వెళ్లిందన్నదే తేడా.

ఇదంతా అతిశయోక్తి అనుకునేవాళ్లు ఫిలడెల్ఫియా చరిత్ర ఒకసారి చూడాలి. ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో బళ్ల డబ్బు చాలావరకు స్థానిక ఆస్తి పన్ను మీద ఆధారపడుతుంది. ఇళ్ల ధర ఎక్కువున్న చోట బడికి డబ్బెక్కువ. పేద వీధిలో బడి కూడా పేదదే. 2001లో రాష్ట్రం ఫిలడెల్ఫియా బళ్ల పెత్తనాన్ని నగరం చేతుల్లోంచి లాక్కుని ఒక కమిషన్‌కి అప్పగించింది. మళ్లీ నగరానికి దక్కింది 2018లో. మధ్యలో 2013 వచ్చింది. ఆ ఒక్క ఏడాదే 20కి పైగా బళ్లు మూసేశారు, సుమారు 3,800 మంది సిబ్బందికి ఉద్వాసన నోటీసులిచ్చారు. టీచర్లు, కౌన్సెలర్లు, ఆఫీసు సిబ్బంది, అందరూ అందులో ఉన్నారు. నిధుల పంపిణీ మీద 2014లో కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు, తల్లిదండ్రులు కోర్టుకెళ్తే, 2023 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది: రాష్ట్రం బళ్లకి డబ్బిచ్చే పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికే విరుద్ధం. దాదాపు 800 పేజీల తీర్పు. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో పాత భవనాల్లో దెబ్బతిన్న, ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్‌బెస్టాస్ బయటపడి కొన్ని బళ్లు తాత్కాలికంగా మూతపడ్డాయి. వరండాలో లైటు వెలగకపోవడం ఈ లెక్కలో చాలా మర్యాదైన జోకు.

ఇంకొకటి. 2014-15 విద్యాసంవత్సరం మీద అమెరికా విద్యాశాఖ చేసిన సర్వేలో, ప్రభుత్వ బడి టీచర్లలో 94 శాతం మంది తరగతి సామాను కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టారని తేలింది. సగటున 479 డాలర్లు. ఎవరూ తిరిగివ్వని డబ్బది. వాళ్ల పన్ను చట్టంలో ఇందుకోసం ఒక మినహాయింపు కూడా ఉంది. టీచరు అలా పెట్టిన ఖర్చులో మొదట్లో 250 డాలర్ల వరకు ఆదాయంలోంచి తీసేసి లెక్కకట్టనిచ్చేవారు, 2022లో అది 300 అయింది. నాకు ఈ నిబంధన చదివినప్పుడు నవ్వొచ్చింది. టీచరు సుద్దముక్కలు తనే కొనుక్కుంటుందని చట్టానికి తెలుసు. ఆపలేదు, కాస్త ఓదార్చింది. దేశమంతటికీ ఇలా ఒక పన్ను నిబంధన రాసిపెట్టుకున్నాక జనీన్‌ది వెర్రి అని ఎలా అంటాం?

ఇప్పుడు రెండో వైపు వాళ్లతో నా తగువు. పెద్దమ్మలా కోపగించుకునేవాళ్లకంటే వీళ్లే ఎక్కువ. "భలే హాయిగా ఉంటుందండీ ఆ సీరియల్, చూస్తే మనసు తేలికవుతుంది" అంటారు. నాకు ఒళ్లు మండుతుంది. మనసు తేలికవడం కోసమా అది? కానీ నిజాయితీగా చెప్పాలంటే తప్పు పూర్తిగా వాళ్లది కాదు. సీరియల్ కూడా ఆ అవకాశం ఇస్తుంది. ప్రతివారం ఒక లోటు, కాసేపు అవస్థ, చివరి రెండు నిమిషాల్లో ఎవరో ఒకరి ప్రేమతోనో, తెలివితోనో లోటు పూడుతుంది, పిల్లలు నవ్వుతారు, సంగీతం వస్తుంది. పది ఎపిసోడ్లు ఇలా చూశాక, బడికి డబ్బు లేకపోయినా ఇలాంటి టీచర్లుంటే చాలులే అనిపించడం మొదలవుతుంది. ప్రాణం ధారపోసి పిల్లల్ని గట్టెక్కించే మహాత్ముడైన టీచరు కథలున్నాయే, అవి చేసే అన్యాయం సరిగ్గా ఇదే. అబ్బాట్ ఆ మహాత్ముణ్ణి తలుపు బయట నిలబెట్టి, వెనక కిటికీలోంచి లోపలికి రానిస్తోందని నా ఫిర్యాదు.

రచయితలకి ఈ సంగతి తెలియదని కాదు. మూడో సీజన్లో జనీన్‌ని బడి నుంచి తీసుకెళ్లి స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో కూర్చోబెట్టారు. చిల్లు ఎక్కడ మొదలవుతుందో చూపించడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. కొంత చూపించారు కూడా. కానీ ఆ ఆఫీసులోనూ అందరూ మంచివాళ్లే అయిపోయారు. ఏ విలనూ లేని చోట డబ్బెందుకు లేదో అడిగేవాడూ లేకుండా పోయాడు. చివరికి జనీన్ తరగతికి తిరిగొచ్చింది, మనం హమ్మయ్య అనుకున్నాం. ఆ హమ్మయ్య దగ్గరే నాకు పేచీ.

ఇక్కడ నన్ను ఇరుకున పెట్టే విషయం ఒకటుంది. సీరియల్‌కి ప్రచారం కోసం ఉంచిన డబ్బులో కొంత తీసి బ్రన్సన్ బృందం నిజం టీచర్లకి తరగతి సామాను కొనిపెట్టింది. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బళ్లలో ఉచితంగా పుస్తకాల మేళాలు పెట్టించింది. మంచి పని కాదని ఎవరంటారు? పుస్తకం అందుకున్న పిల్లకి నా వాదంతో పనేముంది? కానీ ఒక్క క్షణం ఆగి చూడండి. బడికి కావలసినవి ఎవరి ద్వారా వచ్చాయి? ఒక టీవీ చానల్ ద్వారా. అంటే అబ్బాటే నిజం టీచర్లకి ఆ ‘తెలిసినవాడు’ అయింది. మెలిస్సా జోకు తెర దాటి బయటికొచ్చి కూర్చుంది. దీన్ని మెచ్చుకోవాలో, దీనికి సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక్క చోట మాత్రం బ్రన్సన్ గీత గట్టిగా గీసింది. 2022 మేలో టెక్సస్‌లోని ఉవాల్డే బడిలో కాల్పులు జరిగాక, అలాంటి ఎపిసోడ్ ఒకటి తీయమని చాలామంది ఆవిణ్ణి అడిగారు. తీయనంది. ఆ అడిగేదేదో మీరు ఎన్నుకున్న నాయకుల్ని అడగండి అన్నట్టు జవాబిచ్చింది. కామెడీ ఏం చేయలేదో తెలిసిన మనిషి. అందుకే ఆవిడ దగ్గర ఇంకాస్త ఆశిస్తాను. ఏదో ఒక ఎపిసోడ్‌ని లైటు వెలగకుండానే ముగించి చూపించమని. సంగీతం లేకుండా.

మూడో ఎపిసోడ్ అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. పెద్దమ్మ ఇంకొకటి పెట్టమంది. ఎవరు నచ్చారు అని అడిగాను. బార్బరా పేరు చెబుతుందనుకున్నాను, నడక, చీవాట్లు అన్నీ అచ్చం పెద్దమ్మవే కాబట్టి.

"ఆ ఇటాలియన్ ఆవిడ" అంది.

"మెలిస్సానా?"

"మా స్కూల్లో బల్లలు ఎలా వచ్చాయనుకున్నావు? నాకూ ఉండేవాడే ఒకడు."

"ఎవరు పెద్దమ్మా?"

"నీకెందుకే! వాడింకా సర్వీసులో ఉన్నాడు."